నర్సు చదివిన కూతుర్ని జర్మనీ పంపడానికి ఎకరా అమ్మాలా?

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. కేసీ కెనాల్ కింద రెండెకరాలుంది, వరి, పసుపు వేస్తాం. మా అమ్మాయికి 24 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చదివి రెండేళ్లుగా కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది, జీతం 16,000. బెంగళూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు జర్మనీలో మూడేళ్ల నర్సింగ్ ట్రైనింగ్ ఇప్పిస్తామని, ట్రైనింగ్‌లోనే జీతం వస్తుందని చెబుతున్నారు. 6.5 లక్షలు కట్టాలట. ఎకరా అమ్మేద్దామని మా ఆయన, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిస్తానని నా తమ్ముడు. పెళ్లికని దాచిన 12 తులాల బంగారం, పోస్టాఫీసులో 60,000, ఇంకో ఎనిమిది నెలలున్న లక్ష రూపాయల చీటీ ఉన్నాయి. ఏది కదిలించమంటారు?

జవాబు: అమ్మా, ఎకరా అమ్మొద్దు, వడ్డీకి తేవొద్దు. బంగారం సంగతి కిందకు వచ్చాక చెబుతాను. ముందు ఆ 6.5 లక్షలు దేనికి అడుగుతున్నారో చూద్దాం.

వాళ్లు చెబుతున్న ట్రైనింగ్ పేరు ఔస్‌బిల్డుంగ్. స్కూలు చదువు ముగించిన పిల్లలు నర్సు కావడానికి అక్కడ చేసే కోర్సు అది. కోర్సు మంచిదే, ఇంటర్‌తో ఆగిపోయిన అమ్మాయికైతే నేనూ చేయమనే చెబుతాను. కానీ మీ అమ్మాయి ఇప్పటికే నర్సు. నాలుగేళ్లు చదివి, రెండేళ్లు వార్డులో నిలబడిన మనిషిని మళ్లీ మొదటి బెంచీలో ఎందుకు కూర్చోబెట్టాలి? ఔస్‌బిల్డుంగ్ అయితే సాధారణంగా బీ1 స్థాయి జర్మన్ చాలు (ఏ1, ఏ2, బీ1, బీ2 అనేవి భాషలో ఒకదాని మీద ఒకటి వచ్చే మెట్లు), డిగ్రీకి గుర్తింపు తెప్పించే కాగితాల పని ఉండదు. కన్సల్టెన్సీకి తేలికైన దారి అది. మీకు ఖరీదైన దారి.

ఎంత ఖరీదో లెక్క వేద్దాం. ప్రభుత్వ ఆసుపత్రుల వేతన ఒప్పందం వర్తించే చోట మొదటి ఏడాది ట్రైనీకి నెలకు 1,400 యూరోలు అటూ ఇటూగా ఇస్తారు. పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా కోతలు పోగా చేతికొచ్చేది దాదాపు 1,100. చిన్న ఊళ్లో గది, తిండి, ఫోను, బస్సు కలిపి 900 నుంచి 950 అవుతాయి. 150 యూరోలు మిగిలితే గొప్ప. యూరోకు వంద రూపాయలు వేసుకున్నా 15,000. మీ తమ్ముడు తెచ్చే 6.5 లక్షలకు రెండు రూపాయల లెక్కన నెల వడ్డీయే 13,000. అమ్మాయి పరాయి దేశంలో మంచు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్లి మిగిల్చిందంతా వడ్డీకే పోతుంది. ఏటా స్టైపెండ్ కాస్త పెరుగుతుంది, నిజమే. అయినా మూడేళ్లలో 4,68,000 వడ్డీ కట్టాక కూడా అసలు 6.5 లక్షలు అలాగే ఉంటుంది.

ఇక రెండో దారి. ఉన్న డిగ్రీకే జర్మనీలో గుర్తింపు తెచ్చుకోవడం. అక్కడి రాష్ట్ర అధికారులు మన సిలబస్‌ను వాళ్ల కోర్సుతో పోల్చి, తేడా ఉన్న చోట్లు రాసి పంపుతారు. ఆ తేడా పూడ్చడానికి ఆసుపత్రిలో కొన్ని నెలల శిక్షణ గానీ, ఒక పరీక్ష గానీ ఉంటుంది. పూర్తి నర్సుగా లైసెన్సు రావడానికి మామూలుగా బీ2 జర్మన్ అడుగుతారు. ఆ లైసెన్సు వచ్చేదాకా అమ్మాయి సహాయకురాలి హోదాలో పని చేస్తుంది. అప్పుడు జీతం ఎక్కువ చోట్ల 2,300 నుంచి 2,800 యూరోల మధ్య ఉంటుంది. గుర్తింపు వచ్చాక ఒప్పందం ప్రకారం జీతమిచ్చే ఆసుపత్రుల్లో 3,000 దాటుతుంది. 2,600 వస్తుందనుకుంటే కోతలు, ఆదాయపు పన్ను పోగా చేతికి 1,800 దగ్గర వస్తాయి. ఖర్చులు పోను 700, 800 మిగులుతాయి. ఔస్‌బిల్డుంగ్‌లో మిగిలే 150తో పోల్చి చూడండి.

ఇంకో మాట. తేడా లెక్కగట్టేటప్పుడు ఆసుపత్రి అనుభవాన్ని కూడా చూస్తారు. ఏ వార్డులో ఎన్ని నెలలు, వారానికి ఎన్ని గంటలు చేసిందో రాసిన అనుభవ పత్రం, కాలేజీ నుంచి సబ్జెక్టుల వారీగా థియరీ, ప్రాక్టికల్ గంటలు చూపించే ట్రాన్స్‌క్రిప్టు ఇప్పుడే తీసుకోమనండి. అందుకే, "జర్మన్ నేర్చుకోవడానికి ఉద్యోగం మానేయాలి" అని ఎవరన్నా చెబితే వినొద్దు. ఏ1, ఏ2 స్థాయిలు డ్యూటీ చేసుకుంటూ ఆన్‌లైన్లో చదవొచ్చు. నైట్ డ్యూటీలు ఉన్నవాళ్లకు అది కష్టమే, కాదనను. బీ1, బీ2కి మాత్రం మనసంతా అక్కడే పెట్టాలి, అప్పుడు మానేసినా అర్థముంది. పరీక్షకు చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న గోథే ఇన్‌స్టిట్యూట్ (జర్మన్ భాష నేర్పి పరీక్షలు పెట్టే సంస్థ)కు వెళ్లొచ్చు. బీ1, బీ2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. ఫీజు లెక్కలో ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆ 6.5 లక్షల సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. సర్వీసు చార్జీగా అతను తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అందుకే చాలామంది దీన్ని ఉద్యోగం అనరు. "ట్రైనింగ్" అంటారు, "ఎడ్యుకేషన్ ప్యాకేజీ" అంటారు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వాళ్ల లైసెన్సు నంబరు దొరుకుతుందేమో అమ్మాయినే వెతకమనండి. జర్మనీలో నర్సుల కొరత ఎంతంటే, నియామకం ఖర్చు ఆసుపత్రే భరించాలనే పద్ధతికి అక్కడి ప్రభుత్వమే నాణ్యతా ముద్ర ఇస్తోంది. జర్మన్ ప్రభుత్వ సంస్థలు కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్‌తో కలిసి నడిపే ట్రిపుల్ విన్ పథకంలో నర్సు దగ్గర నియామకం ఫీజు తీసుకోరు. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి మన రాష్ట్ర ప్రభుత్వానికీ ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. జర్మనీ నర్సుల బ్యాచ్‌లు ఎప్పుడు ఉంటాయో ముందు అక్కడ అడగండి. ఏ ఏజెంటునైనా ఆ తర్వాతే కలవండి.

అయితే మీకు కావలసింది ఎంత? నా అంచనా ప్రకారం కోచింగ్, పరీక్షలు, చివరి నెలల హాస్టల్ కలిపి లక్షన్నర. అనువాదాలు, గుర్తింపు ఫీజు, వీసా (ఫీజు 75 యూరోలు), కొరియర్లు అన్నిటికీ 60,000. అక్కడ దిగాక మొదటి జీతం వచ్చేదాకా చేతిలో ఉండాల్సింది 1,200 నుంచి 1,400 యూరోలు. మొత్తం మూడున్నర లక్షలు. ఇది ఒక్క రోజు కట్టేది కాదు, ఏడాది పైగా విడతలుగా ఖర్చయ్యేది. అందుకే అప్పు కూడా విడతగానే పుట్టాలి.

ఏ1, ఏ2 ఫీజులకు పోస్టాఫీసు 60,000 వాడండి. అమ్మాయి జీతంలోంచి నెలకు 6,000 పక్కన పెడితే ఎనిమిది నెలలకు 48,000. చీటీని తొందరపడి పాడొద్దు. ఈ సమయంలో మీకు డబ్బు అవసరమని తెలిస్తే పాటలో ఎంత తగ్గించుకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. చివరిదాకా ఆగితే దాదాపు పూర్తి లక్ష వస్తుంది, సరిగ్గా బీ1 సమయానికి. అప్పటికీ చాలనిది లక్షన్నర. దానికి బంగారంలో కొంత బ్యాంకులో పెట్టండి. ఏడాదికి 9.5 శాతం అనుకుంటే నెల వడ్డీ 1,200 లోపే. అదే లక్షన్నర మీ తమ్ముడి దగ్గరైతే 3,000. పన్నెండు తులాలూ పెట్టొద్దు, అవసరమైనంతే పెట్టండి. ఏడాది ఏడాదీ తిరగరాస్తూ పోకుండా, జర్మనీ నుంచి వచ్చే మొదటి డబ్బుతో విడిపించేయండి. అప్పుడు పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, బంగారం ఇంట్లోనే ఉందని ధైర్యంగా చెప్పొచ్చు.

అక్కడి జీవితం గురించి కొన్ని ఖర్చులు చెప్పాలి, ఏజెంట్లు వీటిని చెప్పరు. అద్దె ఇంటికి మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడుగుతారు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు చట్టంలోనే ఉంది. కొన్ని ఇళ్లలో వంటగది కూడా ఖాళీగానే ఇస్తారు, పొయ్యి, సింకు మనమే పెట్టుకోవాలి. అందుకే మొదటి ఏడాది ఆసుపత్రి హాస్టల్ గది దొరికితే వదలొద్దు. రేడియో, టీవీ చందా అని ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాలి. మున్సిపాలిటీలో పేరు నమోదు చేసుకునేటప్పుడు మతం అడుగుతారు. క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే ఆదాయపు పన్నుపై 8 లేదా 9 శాతం చర్చి పన్ను జీతంలోంచే కోస్తారు. మన జిల్లా నుంచి వెళ్లే నర్సుల్లో క్రైస్తవులు చాలామంది కాబట్టి చెబుతున్నా. కట్టాలా వద్దా అన్నది వాళ్ల విశ్వాసం, కానీ తెలిసి కట్టాలి. రాత్రి, ఆదివారం డ్యూటీల అదనపు డబ్బుకు పరిమితి దాకా పన్ను ఉండదు, అది ఊరట.

పని కూడా వేరు. ఇక్కడ ఆయాలు, రోగి బంధువులు చేసే స్నానం, తినిపించడం, మంచం మీద తిప్పడం అక్కడ నర్సే చేస్తుంది. ఐసీయూలో చేసిన అమ్మాయిలకు మొదట్లో ఇది చిన్నతనంగా అనిపించి, ఏడాదిలోనే తిరిగొద్దామనుకుంటారు. అలా మధ్యలో వచ్చేస్తే డబ్బు లెక్క మొత్తం తలకిందులవుతుంది. వెళ్లకముందే మనసు సిద్ధం చేసుకోమనండి.

వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతాగా) మార్పించాలి, డబ్బు పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. మీకు ఇంటి ఖర్చుకు పంపేది కన్నవాళ్లకు ఇచ్చే కానుక కిందకే వస్తుంది, మీకు దాని మీద పన్ను పడదు. మిగులు అంతా మీకే పంపించొద్దు, మూడు నెలల ఖర్చు అక్కడి ఖాతాలో ఉండనివ్వండి.

చివరగా అగ్రిమెంటు. ఫలానా ఏళ్లలోపు మానేస్తే ఇన్ని యూరోలు తిరిగి కట్టాలనే షరతు ఉంటే ఆ అంకె చూడకుండా సంతకం చేయొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టొద్దు, కాపీలే ఇవ్వండి. బెంగళూరు వాళ్లకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఏ పని కింద తీసుకున్నారో రాసిన రసీదు ఈ వారంలోనే అడగండి. ఇవ్వకపోతే తర్వాతి విడత కట్టొద్దు.