లాక్‌డౌన్‌లో పోయిన బుకింగ్ డబ్బు ఇప్పుడు అడగవచ్చా?

ప్రశ్న (2024 జనవరి నాటిది; సమాధానంలోని చట్టాలు, గడువులు కూడా అప్పటివే): మేము నల్లకుంటలో ఉంటాం. మా ఇద్దరు అక్కల కుటుంబాలు, తమ్ముడి కుటుంబం, మేము కలిసి 2020 ఏప్రిల్ 26 నుంచి 30 వరకు మున్నార్‌లో గడుపుదామని ఒక రిసార్టులో నాలుగు కాటేజీలు బుక్ చేసుకున్నాం. హిమాయత్‌నగర్‌లోని ఒక ట్రావెల్ ఏజెన్సీకి నా ఖాతా నుంచే రెండు విడతలుగా 1,84,000 రూపాయలు కట్టాను. మిగతావాళ్లు తమ వాటా నాకు పంపారు. లాక్‌డౌన్‌తో ప్రయాణం ఆగిపోయింది. ఏజెన్సీ ఏడాది గడువుతో క్రెడిట్ వోచరు పంపింది. దాన్ని వాడుకునే పరిస్థితి రాలేదు. అప్పటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ‘చూద్దాం మేడమ్’ అంటూ వచ్చినవాళ్లు మొన్న నవంబరులో ‘రద్దు చేసుకున్నది మీరే, అడ్వాన్సు వాపసు ఇవ్వబోమని రసీదు మీదే ఉంది’ అన్నారు. డబ్బు నేనే ఉంచుకున్నానని పెద్దక్కకు అనుమానం. ఈ సంక్రాంతికి కూడా ఎవరూ మా గడప తొక్కలేదు. 2020 మార్చి 19న నేను ఏజెన్సీకి ‘పరిస్థితి బాగా లేదు, తేదీలు మార్చగలరా’ అని వాట్సాప్ పెట్టాను. ఆ మెసేజ్ తీసేసి పోలీసు స్టేషన్‌లో చీటింగ్ కేసు పెట్టమని మా బావగారు అంటున్నారు. సుప్రీంకోర్టు అందరికీ డబ్బు వాపసు ఇమ్మన్నది కదా? మా కుటుంబం చీలిపోయినందుకు ఐదు లక్షలు నష్టపరిహారం అడగవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో సగానికి పైగా అక్కచెల్లెళ్ల మధ్య నడిచిన మాటలే ఉన్నాయి. వాటి మీద వినియోగదారుల కమిషన్ ఏ తీర్పూ ఇవ్వదు కనుక నేనూ వాటి జోలికి వెళ్లడం లేదు. మీ కేసును తేల్చేది ఒక్కటే ప్రశ్న: ఆ బుకింగ్‌ను రద్దు చేసింది ఎవరు, ఏ రోజున? మీరు మానుకుని ఉంటే రసీదు మీద రాసిన షరతు మీకు అడ్డు తగులుతుంది. ప్రభుత్వ ఆదేశంతో రిసార్టే మూతపడి ఉంటే ఆ షరతుకు ఇక్కడ చోటే లేదు.

ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉంది. ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క రాయలేదు కానీ, జతచేసిన కాగితాల్లో ఆఖరిది చూడండి. 2020 మార్చి 27న ఏజెన్సీ మీకు పంపిన ఈమెయిలు అది. ‘ప్రభుత్వ ఆదేశాల మేరకు రిసార్టు మూసివేశారు, మీరు చెల్లించిన మొత్తానికి వోచరు పంపుతున్నాం’ అని వాళ్లే రాశారు. రద్దు ఎవరి వైపు నుంచి జరిగిందో ఇంతకంటే స్పష్టంగా ఏ సాక్షీ చెప్పలేడు. నాలుగేళ్లుగా ఫోన్లో బతిమాలుతున్న మీరు, ఈ ఈమెయిలును ముందు పెట్టి ఒక్కసారైనా లిఖితపూర్వకంగా డబ్బు అడగలేదు. ఇది నిర్లక్ష్యం, ఈ మాట కటువుగానే చెబుతున్నాను. ఫోన్లో అన్న మాటను అవతలివారు రేపు కాదంటే దాన్ని నిలబెట్టే కాగితం మీ దగ్గర లేదు.

చట్టం సంగతి చూద్దాం. విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద కేంద్ర హోంశాఖ 2020 మార్చి 24న మార్గదర్శకాలు ఇచ్చింది. మార్చి 25 నుంచి 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది, తర్వాత దాన్ని మే 3 వరకు పొడిగించారు. ఆ మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు, లాడ్జీలు, హోమ్‌స్టేలు మూసి ఉంచాలి. చిక్కుకుపోయిన పర్యాటకులకు, వైద్య, అత్యవసర సిబ్బందికి, విమాన, నౌకా సిబ్బందికి బస ఇస్తున్న వాటికి మాత్రమే మినహాయింపు. దేశీయ విమానాలు మార్చి 25 నుంచి మే 24 వరకు ఎగరలేదు. హోటళ్లు తెరవడానికి అనుమతి జూన్ 8 నుంచే వచ్చింది. కాబట్టి ఏప్రిల్ 26న మీరు వెళ్లగలిగేవారు కాదు, వెళ్లినా వాళ్లు గది ఇవ్వగలిగేవారు కాదు. ఒప్పందం చేసుకున్న తర్వాత, ఇరుపక్షాల తప్పూ లేకుండా, దాన్ని నెరవేర్చడం అసాధ్యమైనా చట్టవిరుద్ధమైనా ఆ ఒప్పందం చెల్లదని భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 56 చెబుతోంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దాన్ని తిరిగి ఇచ్చివేయాలని, లేదా పరిహారం చెల్లించాలని సెక్షన్ 65 చెబుతోంది. మీ ఫిర్యాదుకు వెన్నెముక ఈ సెక్షన్ 65.

‘డబ్బంతా రిసార్టుకు పంపేశాం, మేము మధ్యవర్తులం’ అని ఏజెన్సీ తప్పకుండా అంటుంది. పంపినట్టు వాళ్లనే రుజువు చూపించమనండి. మీ డబ్బు జమ అయింది ఏజెన్సీ ఖాతాలో, రసీదు ఇచ్చింది ఏజెన్సీ. అయినా రిసార్టు యాజమాన్యాన్ని రెండో ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకోవడానికి మీరే సందు ఇచ్చినట్టవుతుంది.

వోచరు విషయంలో ఒక చిక్కు ఉంది. అది వచ్చినప్పుడు మీరు ‘అందింది’ అని బదులిచ్చారు. డబ్బుకు బదులుగా వోచరు తీసుకోవడానికి మీరు ఒప్పుకున్నారని అవతలి న్యాయవాది వాదిస్తారు. అందిందని చెప్పడం వేరు, డబ్బు మీద హక్కు వదులుకోవడం వేరు. మీ జవాబులో ఆ రెండో మాట లేదు కనుక సరిపోయింది. కమిషన్ ముందు దీనికి మించి ఒక్క మాట కూడా కలపకండి.

ఇక అన్నిటికంటే తొందరపెట్టాల్సిన విషయం కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు చేయడానికి హక్కు పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపు దాఖలు చేయాలి. పాత చట్టంలోనూ గడువు రెండేళ్లే. ఆ లెక్కన మీ గడువు 2022 వసంతంలోనే తీరిపోవాలి. తీరిపోలేదు, ఎందుకంటే కోవిడ్ కాలంలో కాలపరిమితి మీద సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, 2022 జనవరి 10న ఇచ్చిన ఉత్తర్వులో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. మీ మార్చి 19 మెసేజ్, మార్చి 27 ఈమెయిలు, ఏప్రిల్ 26 బస, అన్నీ ఆ కాలంలోనే పడ్డాయి. అందుకే మీ రెండేళ్లు 2022 మార్చి 1న మొదలయ్యాయి. ఈ జవాబు రాస్తున్నది 2024 జనవరి చివరి వారంలో. అంటే మీ చేతిలో మిగిలింది ఫిబ్రవరి నెల ఒక్కటే.

‘నవంబరులోనే కదా వాళ్లు ఇవ్వబోమన్నది, అక్కడి నుంచి రెండేళ్లు లెక్కపెట్టకూడదా’ అని మీకు అనిపించవచ్చు. ఆ వాదన చేయవచ్చు, కొంత బలం కూడా ఉంది. కానీ దాని మీద భరోసా పెట్టుకుని ఆగకూడదు. కాలపరిమితిని ఎప్పుడూ ఎదుటి పక్షం ఎంచుకునే తేదీ నుంచే లెక్కించుకోవాలి. ఫోన్లు, ఈమెయిళ్లు, లీగల్ నోటీసులు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయడం మంచిదే, కొన్ని సంస్థలు దానితోనే దారికి వస్తాయి. కానీ అక్కడ ఫిర్యాదు పెండింగులో ఉందని కమిషన్ దగ్గర గడియారం ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్న మాట నిజమే, దానికి తగిన కారణం చూపాలి. ‘ఇస్తారేమోనని ఎదురుచూశాను’ అన్నది కారణంగా నిలబడటం చాలా కష్టం. ఈ ఒక్క పొరపాటుతో గెలవాల్సిన కేసులు వాకిట్లోనే ఓడిపోతున్నాయి. అందుకే ఈ పేరా ఇంత సాగదీస్తున్నాను.

మీ బావగారి సలహా వినకండి. మొదట చీటింగ్ కేసు. భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో చీటింగ్‌కు సంబంధించిన సెక్షన్ 420 నిలవాలంటే డబ్బు తీసుకునే నాటికే మోసం చేయాలన్న ఉద్దేశం వాళ్లకు ఉండాలి. 2019 డిసెంబరులో మీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నప్పుడు లాక్‌డౌన్ వస్తుందని ఎవరికి తెలుసు? పోలీసులు దీన్ని సివిల్ వివాదమని పక్కన పెడతారు, ఈలోగా మీ ఫిబ్రవరి కరిగిపోతుంది.

మెసేజ్ తీసేయమన్న సలహా అంతకంటే ప్రమాదకరం. మీ ఫోన్లో తీసేసినా ఏజెన్సీ ఫోన్లో అది అలాగే ఉంటుంది. మీరు దాచారని తేలిన క్షణం నుంచి మీ మిగతా కాగితాలన్నిటి మీదా అనుమానం వాలుతుంది. కోర్టులో సాక్ష్యం కాగల ఎలక్ట్రానిక్ రికార్డును దురుద్దేశంతో చెరిపేయడం ఐపీసీ 204 కింద నేరం కూడా. ఇంతకీ ఆ మెసేజ్ మీకు శత్రువు అనుకుంటున్నారా? మళ్లీ చదవండి. మీరు రద్దు చేయమనలేదు, తేదీలు మార్చగలరా అని అడిగారు. దాని కిందే మార్చి 21న ఏజెన్సీ జవాబు ఉంది: ‘ఇంకా నెల రోజులు సమయం ఉంది మేడమ్, ఏప్రిల్ మొదటి వారంలో చూద్దాం.’ అంటే ఆ రోజుకు బుకింగ్ బతికే ఉంది, తేదీ కూడా మారలేదు. ఆ తర్వాతే రిసార్టు మూతపడింది. మీరు చెరిపేయాలనుకున్న ఆ సంభాషణే ‘రద్దు చేసుకున్నది మీరే’ అన్న వాళ్ల మాటను పడగొడుతుంది. దాన్ని ముట్టుకోకండి. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి.

సుప్రీంకోర్టు అందరికీ వాపసు ఇమ్మన్నదన్నది సరికాదు. 2020 అక్టోబరు 1న ప్రవాసీ లీగల్ సెల్ కేసులో ఇచ్చిన ఆ ఉత్తర్వు విమాన టికెట్లకు సంబంధించినది. హోటళ్లకు, రిసార్టులకు అది నేరుగా వర్తించదు. మీ ఫిర్యాదులో దాన్ని ఆదేశంగా చూపిస్తే ఎదుటివారు తేలిగ్గా కొట్టిపారేస్తారు. ప్రయాణికుడి తప్పు లేనప్పుడు డబ్బు అట్టిపెట్టుకోవడం కుదరదన్న ఆలోచనకు ఊతంగా ఉటంకించండి, అంతవరకే.

ఐదు లక్షల సంగతి. కుటుంబంలో వచ్చిన మనస్పర్థలకు ఏజెన్సీ చేత డబ్బు కట్టించడం జరిగే పని కాదు. పెద్ద మొత్తం అడిగితే మీ న్యాయమైన కోరిక కూడా అత్యాశలా కనిపిస్తుంది. అసలు 1,84,000, ఆ ఈమెయిలు తేదీ నుంచి ఏడాదికి 9 శాతం వడ్డీ, మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం, ఖర్చులు, ఇవి అడగండి. వడ్డీ శాతం కమిషన్ విచక్షణ మీద ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. రేపే బ్యాంకుకు వెళ్లి 2019 డిసెంబరు నుంచి 2020 మార్చి వరకు మీ ఖాతా స్టేట్‌మెంటును బ్యాంకు ముద్రతో, ధ్రువీకరణతో తీసుకోండి. అందులో రెండు రకాల జమాఖర్చులు కనిపిస్తాయి: మీ తోబుట్టువులు మీకు పంపినవి, మీరు ఏజెన్సీకి పంపినవి. మొదటి రకం ఎంట్రీలతో మీ పెద్దక్క అనుమానానికీ జవాబు దొరుకుతుంది. వాట్సాప్ సంభాషణ మొత్తాన్ని, తేదీలు, అవతలి నంబరు కనిపించేలా, మధ్యలో ఏదీ వదలకుండా ప్రింటు తీయండి. ఈమెయిలును పూర్తి వివరాలతో ప్రింటు చేయండి. ఈ ప్రింట్లు ఏ పరికరం నుంచి ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం, భారత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి కింద, వీటికి జతచేయండి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను సివిల్ కోర్టులంత బిగువుగా పట్టించుకోకపోయినా, ఆ కాగితం లేదన్న అభ్యంతరానికి తావివ్వడం ఎందుకు?

ఏజెన్సీకి, రిసార్టుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు పంపండి. మార్చి 27 ఈమెయిలును ప్రస్తావిస్తూ, ఏడు రోజుల్లో డబ్బు వాపసు కోరుతూ ఒక పేజీలో ముగించండి. జవాబు రాకపోయినా ఎనిమిదో రోజున ఫిర్యాదు దాఖలు చేయాలి. మీరు నివసించే చోటే కేసు వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది కనుక కేరళ వెళ్లే అవసరం లేదు, హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు ఏమీ లేదు. న్యాయవాదిని పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. వినియోగదారుల ఫిర్యాదులను ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ-దాఖిల్ పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. నోటీసు అందుకున్న ప్రతివాదులు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజులు కలిపి, తమ జవాబు దాఖలు చేయాలి. 45 రోజులు దాటాక ఆ అవకాశం ఉండదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లోనే తేల్చింది.

బుకింగ్, రసీదు, చెల్లింపు అన్నీ మీ పేరునే ఉన్నాయి కాబట్టి ఫిర్యాదుదారు మీరొక్కరే ఉంటే సరిపోతుంది. అక్కలు, తమ్ముడు తమ తరఫున కూడా మీరు చెల్లించారని తలా ఒక అఫిడవిట్ ఇస్తే మంచిది. వాళ్లు ఇవ్వకపోతే వాళ్ల కోసం ఆగవద్దు. ఫిబ్రవరి 29 వరకు గడువు ఉందని చివరి రోజు దాకా నెట్టకండి. పోర్టల్‌లో ఏదైనా లోపం చూపి తిప్పి పంపితే సరిదిద్దుకోవడానికి కూడా రోజులు కావాలి. ఫిబ్రవరి 12 నాటికి దాఖలు చేసి, వచ్చిన రసీదు నంబరును కాగితం మీద రాసి పెట్టుకోండి.