వ్యాగన్ ఆర్‌ ముందు జాలీ వేయిస్తే ఇంజిన్ వేడెక్కుతుందా?

అన్నా, మీరు రోజూ నల్గొండ నుంచి మిర్యాలగూడకు వ్యాగన్ ఆర్‌లో వెళ్తున్నారు, రాయి తగిలి ఏసీ కండెన్సర్ (ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే భాగం) పోతే కొత్తది వేయించారు. ఇప్పుడు బంపర్‌కి జాలీ పెట్టిద్దామంటే, గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుందని మెకానిక్ అన్నాడు. వేయించాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వేయించండి. బంపర్ కింది నోటికి, అంటే గాలి లోపలికి వెళ్లే కింది సందుకు మాత్రమే, లోపలి వైపు నుంచి, కన్నం పెద్దగా ఉన్న జాలీ వేయించండి. మాదీ చిన్న కారే, తిరిగేదీ అదే రోడ్డు. మా కండెన్సర్ కూడా ఒకసారి రాయి దెబ్బకే పోయింది. ఆ తర్వాత నేనే జాలీ కొని బిగించాను. మే నెల ఎండల్లో కూడా ఇంజిన్ వేడి ఎప్పుడూ మామూలు గీత దాటలేదు.

ముందు ఆ రోడ్డు సంగతి. నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద వాడపల్లి, విష్ణుపురం వైపు నుంచి సిమెంటు లారీలు, మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీలు, మధ్యలో కంకర టిప్పర్లు. టిప్పర్ మీద పట్టా సరిగా కట్టకపోతే కంకర జారి రోడ్డు మీద పడుతుంది. ముందు వెళ్లే లారీ టైరు దాన్ని వెనక్కి విసురుతుంది. రాయి నేల దగ్గర నుంచి లేస్తుంది కాబట్టి ఎక్కువగా తగిలేది బంపర్ కింది నోట్లోనే. చాలా చిన్న కార్లలో అక్కడ వంగి చూస్తే కండెన్సర్ నేరుగా కనిపిస్తుంది. అడ్డుగా ఉండేవి రెండు మూడు ప్లాస్టిక్ పట్టీలే, వాటి సందుల్లో బొటనవేలు సులువుగా పడుతుంది. కండెన్సర్ అంటే సన్నటి అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య కాగితంలాంటి రేకులు. రేకు వంగితే పెద్ద నష్టం లేదు. గొట్టానికి చిల్లు పడితే మాత్రం గ్యాస్ మొత్తం పోతుంది. దాని వెనకాల ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్, ఆ వెనకాల ఫ్యాన్. అందుకే ముందు నుంచి వచ్చే దెబ్బంతా మొదట కండెన్సరే తింటుంది.

మీ మెకానిక్ భయం ఉత్తదేమీ కాదు. మన దగ్గర చాలామంది కిటికీకి వేసే దోమల జాలీ తెచ్చి కట్టేస్తారు. దాని కన్నం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కొత్తగా ఉన్నప్పుడు గాలి బాగానే పోతున్నట్టు అనిపిస్తుంది. కోతల టైమ్ వచ్చిందంటే పొట్టు, దుమ్ము, పురుగులు పట్టేసి అట్ట కట్టినట్టు అవుతుంది. అప్పుడు రేడియేటర్‌కు గాలి తగ్గుతుంది, ఏసీ గ్యాస్ చల్లబడదు, ప్రెజర్ పెరిగి కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. పైగా ప్లాస్టిక్ జాలీ అయితే గట్టి రాయిని ఆపనే ఆపదు.

1 మిల్లీమీటరు తీగతో అల్లి, కన్నం 6 మిల్లీమీటర్లు ఉన్న జాలీ తీసుకోండి. లెక్క కడితే అందులో దాదాపు 73 శాతం ఖాళీయే. గొట్టానికి చిల్లు పెట్టేంత పెద్ద రాయి సాధారణంగా అందులోంచి దూరదు. ఇసుక రేణువులు దూరతాయి, దూరనివ్వండి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం అడగండి, తుప్పు పట్టదు. నల్ల రంగు వేసిన అల్యూమినియం జాలీ కూడా మంచిదే, కత్తిరించడం ఇంకా సులువు. మామూలు ఇనుప జాలీ చవకగా వస్తుంది కానీ ఒక వానాకాలం తడిస్తే తుప్పు మొదలవుతుంది, దాని జోలికి పోకండి. హార్డ్‌వేర్ షాపులో ముక్కగా కోసి ఇస్తారు. వెళ్లేటప్పుడు పాత న్యూస్‌పేపర్‌ను బంపర్ నోటి మీద ఒత్తి, అంచుల వెంట గీసి, ఆ కొలతకు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు కలిపి తీసుకెళ్లండి.

బిగించడంలో జాగ్రత్తంతా ఒక్క విషయంలోనే ఉంది: జాలీ కండెన్సర్‌కు తగలకూడదు. తగిలితే బండి అదురుకు రాసుకుని రాసుకుని అదే గొట్టాన్ని కోసేస్తుంది. పైగా స్టీలూ అల్యూమినియమూ తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ఆనకుండా ఉండటమే కాదు, కనీసం రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. రాయి బలంగా తగిలితే జాలీ కాస్త లోపలికి సాగుతుంది, ఆ సాగుడుకి చోటు ఉండాలి కదా. అందుకే జాలీని బంపర్ సొంత ప్లాస్టిక్ పట్టీలకే కట్టండి. కండెన్సర్ రేకులకు, ఏసీ పైపులకు దేన్నీ కట్టకండి. కట్టడానికి నల్ల కేబుల్ టైలు వాడండి. తెల్లవి ఎండకు త్వరగా పెళుసెక్కి ఊడిపోతాయి. కోసిన తీగ కొనలను ఆకురాయితో రుద్ది, అంచు చుట్టూ రబ్బరు బీడింగ్ ఎక్కిస్తే కడిగేటప్పుడు చేతులు కోసుకోవు.

బంపర్ విప్పి చేస్తే పని శుభ్రంగా వస్తుంది. ఫాగ్ ల్యాంపులుంటే, బంపర్‌ను లాగకముందే వాటి వైరు కనెక్టర్లు ఊడదీయాలి. పాత బండి అయితే ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరుగుతాయి, ముందే కొన్ని కొని పెట్టుకోండి. విప్పిన బంపర్‌ను గోనె సంచి మీద పెట్టండి, పెయింట్ గీసుకుపోదు. బంపర్ విప్పకుండా బయటి నుంచే డ్రిల్లు పెట్టి స్క్రూలు కొడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డ్రిల్లు బిట్టు కాస్త జారిందంటే కొత్త కండెన్సర్‌కు అక్కడే చిల్లు. ఎయిర్‌బ్యాగులున్న చాలా బండ్లకు ముందు భాగంలో సెన్సర్ ఉంటుంది, దాన్ని, దాని వైర్లను కదిలించకూడదు. నెంబర్ ప్లేటును కూడా ఉన్నచోటే ఉండనివ్వండి.

కొందరు బంపర్ బయట ఇనుప గార్డు (బుల్ బార్) వేయించుకోమని సలహా ఇస్తారు. నా మాట వినండి, వద్దు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. చట్టం సంగతి అటుంచినా, అడ్డొచ్చిన మనిషికి ఆ ఇనుము చేసే గాయం ఘోరం. పైగా ఆ కడ్డీల మధ్య నుంచి రాయి హాయిగా దూరిపోతుంది, మీ కండెన్సర్‌కు ఏ రక్షణా ఉండదు.

బిగించే ముందు రోజు మధ్యాహ్నం ఏసీ నడుస్తుండగా లోపలి గాలి వచ్చే చోట చిన్న థర్మామీటర్ పెట్టి ఎంత చూపిస్తుందో రాసుకోండి. బిగించాక అదే టైమ్‌కు, అదే ఫ్యాన్ స్పీడులో మళ్లీ చూడండి. బండి పరుగులో ఉన్నప్పుడు ఒకసారి, ఆగి ఉన్నప్పుడు ఒకసారి చూడాలి. గాలి తగ్గితే ఇంజిన్ వేడెక్కకముందే ఏసీలో తేడా తెలుస్తుంది. మన నల్గొండ ఎండకు ఏసీ ఎలాగూ కష్టపడుతుంది కాబట్టి, ఈ ముందూ వెనకా పోలిక లేకుండా తప్పు జాలీదో ఎండదో తేల్చలేం. తేడా ఎక్కువగా ఉంటే ఇంకొంచెం పెద్ద కన్నం ఉన్న జాలీకి మారండి. పైనున్న గ్రిల్లును మాత్రం మూయకండి, అక్కడ రాళ్ల బెడద తక్కువ, గాలి అవసరం ఎక్కువ.

జాలీ వేశాక దాన్ని కడగడం మీ పని అవుతుంది, ఇది చాలామంది మరచిపోతారు. యాసంగి, వానాకాలం కోతలప్పుడు రోడ్డు పక్కనే, ఒక్కోసారి రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. ఆ పొట్టూ గడ్డి పోచలూ గాలికి లేచి నేరుగా వచ్చి జాలీకి అతుక్కుంటాయి. ఆ నెలల్లో వారానికోసారి మెత్తటి బ్రష్‌తో దులిపి, మామూలు పైపు నీళ్లతో కడగండి. వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తే ప్రెజర్ గన్ను దగ్గరగా పెట్టొద్దని నిలబడి చెప్పండి, ఆ ధాటికి కండెన్సర్ రేకులు వంగిపోతాయి. అప్పుడప్పుడు టార్చి వేసి జాలీ వెనకాల కూడా చూడండి. కండెన్సర్ మీద ఎక్కడైనా జిడ్డు మరక, దాని మీద దుమ్ము పట్టి కనిపిస్తే అక్కడ లీకు ఉందని అనుమానించాలి, ఎందుకంటే గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికి వస్తుంది. అలాంటప్పుడు ఊరికే గ్యాస్ నింపించుకోవద్దు, నైట్రోజన్‌తో ప్రెజర్ టెస్టు చేయించి లీకు ఎక్కడో తేల్చమని అడగండి.

మీ బండికి ఫాగ్ ల్యాంపులు ఉన్నాయా, ఏ సంవత్సరం మోడల్ అన్నది రాయండి. కుదిరితే కింది నోటి ఫొటో కూడా పెట్టండి, బంపర్ విప్పకుండా లోపలికి చెయ్యి పడుతుందో లేదో చూసి చెప్తాను.