గుండెపోటు తర్వాత యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మూడు వారాల క్రితం గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. మూడో రోజు పరీక్షలో సీఆర్పీ (ఇన్‌ఫ్లమేషన్, అంటే గాయానికి ఒళ్లు చూపే వాపు స్పందన, ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 48 వచ్చింది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు కణాలను దెబ్బతీయడం) తగ్గాలంటే విటమిన్ ఇ, పసుపు క్యాప్సూల్స్ వాడమని బంధువులు అంటున్నారు. మోకాళ్ల నొప్పులకు ఆయన మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకుంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ డైక్లోఫెనాక్ ఈ రోజే ఆపించండి. మీరు రాసినవాటిలో మాకు భయం కలిగించింది అదొక్కటే. గుండెపోటు వచ్చినవారు ఈ రకం నొప్పి మాత్రలు కొద్ది రోజులు వాడినా మళ్లీ పోటు వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. రక్తకణాల మీద ఆస్పిరిన్ పట్టుకోవాల్సిన చోటును అది ముందే ఆక్రమించి, దాన్ని పనిచేయనివ్వదు. మోకాళ్లకు కాపడం పెట్టండి. తప్పదనుకుంటే, కాలేయం బాగుంటే, పారాసిటమాల్ 650 చాలు, రోజుకు మూడుకు మించకుండా.

ఇక ఆక్సిడేటివ్ స్ట్రెస్. రక్తనాళం మూసుకుపోయినప్పుడు గుండె కణాల్లో సక్సినేట్ అనే పదార్థం పేరుకుంటుంది. స్టెంట్ వేసి రక్తం మళ్లీ పారగానే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దాన్ని గబగబా వాడేస్తాయి, ఫ్రీ రాడికల్స్ ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. ఆ ఉప్పెన మొదటి కొద్ది నిమిషాలదే. మూడు వారాల తర్వాత మింగే క్యాప్సూల్ దాన్ని ఏమీ చేయలేదు.

ఆ వెంటనే మొదలయ్యే ఇన్‌ఫ్లమేషన్ శత్రువు కాదు. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, ఒకటి రెండు రోజులకు మాక్రోఫేజ్‌లు అనే మరో రకం రక్షణ కణాలు వచ్చి చచ్చిన కణాలను తీసేస్తాయి. ఆ చోట గట్టి మచ్చ కట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ పనికి అడ్డుపడితే గుండె గోడ పలచబడి సాగిపోతుంది. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు సొంతంగా వాడొద్దనడానికి ఇదీ ఒక కారణం. సీఆర్పీ రెండు మూడు రోజులకు బాగా పైకి వెళ్లి క్రమంగా దిగుతుంది కాబట్టి మూడో రోజు 48 చూసి కంగారు పడకండి. రెండు నెలలు గడిచాక, జలుబు, జ్వరం, పంటి చీము లేనప్పుడు హెచ్‌ఎస్ సీఆర్పీ (తక్కువ మోతాదును కూడా పట్టే సీఆర్పీ పరీక్ష) చేయించండి. 2 కంటే తక్కువ ఉంటే మంచిది.

విటమిన్ ఇ సంగతి ఎప్పుడో తేలిపోయింది. 2002లో వెలువడిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20 వేల మందికి పైగా పాల్గొన్నారు. రోజూ విటమిన్ ఇ 600, సి 250, బీటా కెరోటిన్ 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు. కూరలో పసుపు నిక్షేపంగా వేసుకోండి. క్యాప్సూల్స్ మాత్రం వద్దు, రక్తం పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కొల్చిసిన్ అనే మాత్ర గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. 2019లో కొల్‌కాట్ పరీక్షలో రోజుకు అర మిల్లీగ్రాము మేలు చేసింది. 2024లో అంతకంటే పెద్ద పరీక్షలో మేలు కనిపించలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవారికి అది ప్రమాదం. కార్డియాలజిస్టు రాస్తేనే.

గాయం మానాక కూడా రక్తనాళాల్లో మిగిలిపోయే ఇన్‌ఫ్లమేషన్‌ను నిజంగా తగ్గించే మందు మీ ఇంట్లోనే ఉంది: కొలెస్ట్రాల్‌కు రాసే స్టాటిన్ మాత్ర. కొలెస్ట్రాల్ తగ్గిందని మానకండి. వారానికి రెండుసార్లు కవళ్లు, కానాగంతలు లాంటి చేపలతో పులుసు పెట్టండి, వేపుడు కాదు. ఎండుచేపల్లో ఉప్పెక్కువ. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించి వేసే బజ్జీలు బీచ్‌రోడ్డులోనే వదిలేయండి.

ప్రశ్న: మా అమ్మకు కిందటేడు స్టెంట్ వేశారు. చుట్ట అడ్డపొగ (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం) మానడం లేదు. పొగ లోపలికి పీల్చను కదా, గుండెకేం కాదంటోంది.
– ఓ పాఠకురాలు, భీమిలి

జవాబు: అవుతుందమ్మా. చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ, అందుకే నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలోకి వెళ్లిపోతుంది. పొగాకు పొగ రక్తనాళాల లోపలి పొరను రోజూ దెబ్బతీస్తుంది. పైగా అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్ రావచ్చు. పంటి డాక్టరుకు ఒకసారి నోరు చూపించండి. మానడానికి 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. నికోటిన్ గమ్ మొదలుపెట్టే ముందు గుండె డాక్టరును అడగండి.