మారుతి 800 ఇగ్నిషన్ స్విచ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? నిక్షేపంగా మార్చుకోవచ్చు

తాళం తిప్పితే ఒక్కోసారి స్టార్టవుతోంది, ఒక్కోసారి అవట్లేదు, మెకానిక్ లాక్ సెట్ (తాళం దూర్చి తిప్పే మొత్తం భాగం) మార్చాలంటున్నాడు, నేనే మార్చుకోగలనా అని అడిగారు. మార్చుకోగలరు. కాని లాక్ సెట్ జోలికి పోకండి. ఇలాంటప్పుడు ఎక్కువగా పోయేది తాళం కాదు, దాని వెనకాల ఉండే ప్లాస్టిక్ స్విచ్. రెండూ వేరు వేరు పార్టులు.

మాది నరసన్నపేట. మా నాన్నగారి 800కి సరిగ్గా ఇదే జబ్బు చేసింది. అత్తయ్యని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు. తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, ఇంజను మాత్రం ఉలకదు, పలకదు. మెకానిక్ వచ్చి, బ్యాటరీ టెర్మినల్ కూడా చూడకుండా, "లాక్ సెట్ పోనాది బాబూ, మొత్తం మార్చీయాల" అన్నాడు. అలా మారిస్తే బిల్లు తడిసి మోపెడు. చూడకుండా చెప్పే వైద్యం ఇది, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అత్తయ్యని ఆటో ఎక్కించాం. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగ్ కింద కవరు విప్పాను. స్టార్టర్‌కి (ఇంజన్ని తిప్పే మోటారుకి) వెళ్ళే వైరు దగ్గర టెస్ట్ ల్యాంపు (కరెంటు వస్తే వెలిగే చిన్న బల్బు) పెట్టి "తిప్పు బావా" అన్నాను. వెలగలేదు. తాళాన్ని కాస్త లోపలికి అదిమి తిప్పితే వెలిగింది. దొంగ దొరికాడు, స్విచ్చే! అదే ప్రతిసారీ ల్యాంపు వెలిగి కూడా ఇంజను తిరగకపోతే స్టార్టర్ వైపు వెతకాలి.

ఇక పని చిన్నదే. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, అది తప్పనిసరి. తరవాత కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి, స్క్రూలు విప్పితే స్విచ్ చేతిలోకి వస్తుంది. పాతదాన్ని విప్పి చూస్తే రాగి బిళ్ళ ఒక పక్క నల్లగా మాడి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగింది. కారణం? ఎవరో పెద్ద హారన్, ఆంప్లిఫైయర్ రెండూ రిలే (ఎక్కువ కరెంటుని తను మోసే విడి స్విచ్) లేకుండా ఇగ్నిషన్ వైరు మీదే లాగేశారు. అంత కరెంటు ఆ చిన్న బిళ్ళ ఎలా మోస్తుంది? బండికి హంగులు బిగించే షాపులవాళ్ళు రిలే ఖర్చు మిగుల్చుకుని మన స్విచ్ కాల్చేస్తున్నారు. ఇంకో పాపం తాళాల గుత్తి. ఇంటి తాళాలు, బైకు తాళం, అరసవల్లి నుంచి తెచ్చిన ఇత్తడి కీచైను, అన్నీ ఒకే రింగుకి వేలాడితే ఆ బరువుకి లాక్ అరిగిపోతుంది. కారు తాళం విడిగా పెట్టుకోండి.

కొత్త స్విచ్ బిగించేటప్పుడు లాక్ నాలుక, స్విచ్ గాడి ఒకే స్థానంలో ఉండాలి. కూర్చోకపోతే బలవంతం చేయొద్దు. బిగించాక START నుంచి చెయ్యి తీస్తే తాళం తనంతట తానే ONకి రావాలి. రాకపోతే స్టార్టర్ తిరుగుతూనే ఉండి కాలిపోతుంది.

మీది 800 కాకుండా కొత్త కారైతే మాత్రం ఆగండి. 2019 జూలై తరవాత తయారైన కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. స్టీరింగ్ కింద పసుపు కనెక్టర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, వర్క్‌షాపుకే ఇవ్వండి. స్విచ్ ఒక్కటే మార్చమని ముందే చెప్పి, పాత స్విచ్ అడిగి తీసుకోండి.