టీకా నకిలీదా, వేసిన తీరు తప్పా?

ప్రశ్న: 80 గొర్రెలకు పారుడు వ్యాధి (పీపీఆర్) టీకా వేయించాను. ఉదయం కలిపిన మందే సాయంత్రం దాకా సరిపోయింది. జ్వరం రాకుండా దుకాణదారు ఇచ్చిన డెక్సామెథసోన్ సూది కూడా అదే రోజు వేశాను. పదకొండో రోజు నుంచి ముక్కు కారడం, నోటిలో పుండ్లు, పారుడు మొదలై మూడు చనిపోయాయి. టీకా నకిలీదేనా?

జవాబు: టీకాను తిట్టకండి. ఇందులో ఉన్నది బలహీనపరచిన, ప్రాణమున్న వైరస్. కలిపాక 2 గంటలు దాటితే, అదీ ఐసు లేకుండా ఉంచితే, మీరు వేసింది ఉత్త నీళ్లే.

రెండో తప్పు ఇంకా పెద్దది: అదే రోజు వేసిన డెక్సామెథసోన్. అది స్టెరాయిడ్. చర్మం కింద కాపు కాసే డెండ్రిటిక్ కణాలు టీకా వైరస్‌ను మింగి, ముక్కలుగా కోసి, ఆ ముక్కలను ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ల మీద పెట్టుకుని దగ్గరి లింఫు గ్రంథికి చేరతాయి. మెడ దగ్గర సూది వేస్తే అది భుజం ముందున్న గ్రంథి. అక్కడ రోగంతో పోరాడే టి-కణాలు ఒక్కొక్కటిగా వచ్చి ఆ ముక్కను తడిమి చూసి పోతుంటాయి. సరిపోయే కణం దొరికినా ముక్క ఒక్కటే చాలదు. ‘ఇది శత్రువు’ అనే రెండో సంకేతాన్ని కూడా డెండ్రిటిక్ కణమే ఇవ్వాలి. అది అందితే టి-కణం వేలకు వేలుగా పెరుగుతుంది, అందకపోతే మొద్దుబారిపోతుంది. స్టెరాయిడ్ అణచివేసేది ఆ సంకేతాన్నే. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడితే భయపడవలసిన పని లేదు. మందు అమ్ముకునేవారిని సలహా అడిగితే మందే చెబుతారు! చూడి గొర్రెలకూ ఆ స్టెరాయిడ్ సూది వేసి ఉంటే గర్భస్రావాలు కావచ్చు, గమనించండి.

అన్నీ సరిగా చేసినా రక్షణ రావడానికి 2-3 వారాలు పడుతుంది. వ్యాధి బయటపడటానికి సాధారణంగా 4-6 రోజులు. అంటే మీ మందలోకి అది టీకా వేసిన వారంలోపే వచ్చి ఉండాలి.

జబ్బు గొర్రెలను వెంటనే వేరు చేయండి. ముక్కు, కంటి స్రావాలను పశువైద్యుని ద్వారా ఐసులో ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోండి. జబ్బు పడనివాటికి, చివరి కేసు తర్వాత 3 వారాలు ఆగి, 1 మి.లీ. చర్మం కింద మళ్లీ వేయించండి. సిరంజిని క్రిములను చంపే మందునీళ్లతో కడగవద్దు, మరిగించి చల్లార్చండి. జున్నుపాల ప్రతిరక్షకాలు టీకా వైరస్‌ను అడ్డుకుంటాయి కాబట్టి పిల్లలకు 4 నెలలు నిండాకే.

మిగిలిన స్టెరాయిడ్ సీసాలు దుకాణానికే తిరిగి ఇచ్చేయండి.