మేదుప్ మీద రాయబోయే అమ్మాయికి ఒక ఉత్తరం

అమ్మాయీ,

మేదుప్ మీద, అంటే కొరియావాళ్ళ సంప్రదాయ తాడుముడుల పని మీద, నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, ఎంచుకున్న విషయమూ మంచిది. చిక్కెక్కడొచ్చిందంటే, మొదటి పేజీలోనే పట్టిక వేసేశావు. సీతాకోకచిలుక ముడి అంటే దాంపత్యం, చేమంతి ముడి అంటే దీర్ఘాయువు, తూనీగ ముడి అంటే ఇంకొకటి. ఇలా పన్నెండు ముడులకు పన్నెండు అర్థాలు చెప్పావు. అంతా చదివాక కూడా ఒక్క ముడీ కంటికి కనపడలేదు. తాడు ఎంత లావో, ఎటు దూరి ఎటు తేలిందో, ఎక్కడ బిగిసిందో చెప్పలేదు. మేదుప్ గురించి రాస్తూ తాడునే వదిలేశావు.

అందుకే ఈ ఉత్తరంలో సగం తాడు గురించే ఉంటుంది. కాస్త ఓపిక పట్టు.

రాయడానికి ముందు ఒక ముడి వేయి. సెంగ్‌చోక్‌తో మొదలుపెట్టు. అల్లం కొమ్ములా మూడు చెవులు పొడుచుకొస్తాయి కాబట్టి ఆ పేరొచ్చింది. తాడు 2 మీటర్లు తీసుకో. 2 మిల్లీమీటర్ల మందంతో, గుండ్రంగా అల్లినదై ఉండాలి. జాకెట్ల వెనక కట్టే డోరీ, నొక్కితే చప్పబడిపోనిదైతే, సరిపోతుంది. మెరిసే శాటిన్ తాడు మొదట్లో వద్దు. అది జారుడు, ఒక చెవి సర్దేలోపు పక్కది వదులైపోతుంది. కొసలు చెదరకుండా నైలాన్‌వైతే మంటకు చూపించి ముద్ద చేయి, నూలో పట్టో అయితే దారం చుట్టి కట్టు. కింద థర్మోకోల్ ముక్క పెట్టుకుని, తాడు మలుపు తిరిగిన ప్రతిచోటా గుండుసూదితో ఆపుకుంటే దారి తప్పవు.

తాడును సరిగ్గా సగానికి మడువు. మడత దగ్గర చిన్న ఉచ్చు వదిలి, దాని కింద ఒక దొరె ముడి వేయి. దొరె అంటే రెండు మామూలు ముడులే. కుడి కొస ఎడమదాన్ని చుట్టి ఒకటి వేస్తుంది, ఎడమ కొస కుడిదాన్ని చుట్టి ఇంకొకటి వేస్తుంది, ఒక్కొక్కటీ రెండోదాని కడుపులోంచి దూరి ఉంటుంది. బిగిస్తే గట్టి బొడిపె అవుతుంది. పెద్ద ముడులు జారకుండా వాటి ముందూ వెనకా కాపలా కాసేది ఇదే. చూసేవాళ్ళెవరూ దీన్ని పట్టించుకోరు, నీ వ్యాసంలోనూ దీని పేరు లేదు. కానీ ఇది లేకుండా ఏ నోరిగే (కొరియా ఆడవాళ్ళు దుస్తులకు వేలాడదీసుకునే నగ) నిలవదు.

ఇక ఎడమ కొసను కదలనివ్వకు, కుడి కొసతోనే పని. దానితో ఒక మడత పెట్టు. అదే కొసతో రెండో మడత పెట్టి మొదటిదానిలోకి దూర్చు. మూడోది పెట్టి రెండోదానిలోకి దూర్చు. మిగిలిన కొసను మూడో మడతలోంచి తీసుకెళ్ళి, మొదటి మడత మొత్తాన్నీ చుట్టి, మళ్ళీ ఆ మూడో మడతలోంచే వెనక్కి తీసుకురా. తిరిగొచ్చిన ఆ కొసే నాలుగో మడత. ఇప్పుడు సూదులు తీయకుండా ఒకసారి చూడు. మొదటిది రెండోదాన్ని పట్టుకుంది, రెండోది మూడోదాన్ని, మూడోది నాలుగోదాన్ని, నాలుగోది మళ్ళీ మొదటిదాన్ని పట్టుకుంది. మడతలు నాలుగు, వాటి నడుమ చెవులు మూడు, నాలుగో సందులోంచి రెండు కొసలూ పక్కపక్కనే కిందికి దిగుతాయి. మొదటి మడతకున్న రెండు కాళ్ళనీ చుట్టావో లేదో సరిచూసుకో. ఒక కాలిని వదిలేస్తే వేసినప్పుడు బాగానే ఉంటుంది, బిగించేటప్పుడు ముడి ఒక పక్కకి ఒరుగుతుంది.

వేయడం పావువంతు పనే, అసలు కష్టమంతా బిగించడంలో ఉంది. కొసలు పట్టుకుని లాగావంటే చివరి చెవి మాయమైపోతుంది, నడిమి చెవి అలాగే వేలాడుతుంది. కొసలను తాకకుండా ముందు మూడు చెవులనూ సమంగా బయటికి లాగు, నడుమ చిన్న చదరం బిగుసుకుంటుంది. ఆ తర్వాత ఎడమ కొస నుంచి మొదలుపెట్టి, తాడు నడిచిన దారినే, వదులును కొంచెం కొంచెంగా మొదటి చెవిలోకి, అక్కడినుంచి రెండోదానిలోకి, మూడోదానిలోకి తోసుకుంటూ కుడి కొసకు పంపించాలి. ఒక్క చుట్టులో అయ్యే పని కాదు, రెండు మూడు చుట్లు పడుతుంది. కొరియా పనివాళ్ళు దీనికి సోంగోత్ అనే దబ్బనంలాంటి పనిముట్టు వాడతారు. నీ దగ్గరుండేది గోనెలు కుట్టే దబ్బనమే అయితే మొన మొద్దుది చూసుకో. వాడి మొన తాడు కిందికి దూరకుండా తాడులోకే గుచ్చుకుని పోగు లేపుతుంది. లేచిన పట్టుపోగు మళ్ళీ కూర్చోదు. తాడు మెలిపడినా తెలిసిపోతుంది, అల్లిక గీతలు చెవి మీద పక్కదారి పడతాయి. అలా కనిపిస్తే ఆ చెవి వరకూ వదులు చేసి, మెలిక తీసి, మళ్ళీ బిగించు.

నాలుగైదు ముడులు పాడయ్యాక ఒకటి కుదురుతుంది. దాన్ని తిప్పి చూడు. మంచి మేదుప్‌కు వెనకా ముందూ ఒకేలా ఉంటాయి, ఎడమా కుడీ సరితూగుతాయి. నడుమ మొదలైన తాడు నడుమనే ముగుస్తుంది, కొసలు రెండూ కలిసి బయటికొస్తాయి. నీ పట్టికలోని పన్నెండు అర్థాలకన్నా ఈ రెండు వాక్యాలు పాఠకుడికి ఎక్కువ చెబుతాయి. ఒకే తాడు చీలి, వేరే దారులు తిరిగి, మళ్ళీ జంటగా కలవడం చూశాక పెళ్ళికి దీన్నెందుకు తెచ్చుకున్నారో నువ్వు విడమరచనక్కర్లేదు.

ఇప్పుడు క్రియల సంగతి. నువ్వు వ్యాసమంతా ‘అల్లడం’ అనే మాటతోనే నెట్టుకొచ్చావు. అక్కడ పనులు మూడు, మూడూ వేరు. పట్టుదారాన్ని తాడుగా అల్లడం దహ్వే. బరువు కట్టిన దారపు ఉండలను (వాటిని తోచ్చాక్ అంటారు) దహ్వే చట్రం మీంచి వేలాడదీసి, వరుస తప్పకుండా ఒకదానిమీదుగా ఒకటి మారుస్తారు. 4, 8, 12, 16, 24, 36 పేటల గుండ్రటి తాళ్ళున్నాయి, వాటిని దోంగ్‌దహ్వే అంటారు. నడుముకు కట్టే బల్లపరుపు పట్టీ గ్వాంగ్‌దహ్వే. ఆ తాడుతో ముడి వేయడం మేదుప్. కింద వేలాడే కుచ్చు కట్టడం మూడో పని, కుచ్చును సుల్ అంటారు. అల్లడం, వేయడం, కట్టడం అని మూడు మాటలు మనకు ఎటూ ఉన్నాయి. వాటిని వాటి చోట వాడు. 1485 నాటి కొరియా జొసొన్ రాజ్య ధర్మశాసనం ‘గ్యొంగ్‌గుక్ దేజొన్’ కూడా రాచ కార్ఖానాల్లో తాడు అల్లేవాళ్ళనీ ముడి వేసేవాళ్ళనీ విడివిడిగానే లెక్కపెట్టింది.

కుచ్చును ఒక్క ముక్కలో తేల్చేశావు, అది అన్యాయం. అది కత్తిరించి వదిలేసిన దారాల కట్ట కాదు. దారాన్ని గట్టిగా పురి పెట్టి, సగానికి మడిచి తన మీద తాను మెలిపడనిచ్చి, ఆవిరి పట్టిస్తారు. ఆవిరి పట్టకపోతే పురి నిలవదు, దారాలు ముంగురుల్లా లేచిపోతాయి. కుచ్చు తల కట్టే తీరులో రకాలున్నాయి, స్ట్రాబెర్రీ కుచ్చు, ఆక్టోపస్ కాళ్ళ కుచ్చు అని చూసిన రూపాన్ని బట్టే పేర్లు పెట్టారు. జడకుచ్చులు ఎరిగిన మన పాఠకురాలికి ఈ భాగం సులువుగా ఎక్కుతుంది, అక్కడ రెండు పేరాలు ఖర్చు పెట్టు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి అర్థాల దగ్గరికి వద్దాం. సంప్రదాయ ముడులు ముప్పైకి పైగా ఉన్నాయి. పేర్లు విను: అల్లం, కళ్ళద్దాలు, కోడిపిల్ల, ఈగ, తేనెటీగ, ఎండ్రకాయ కన్ను, జాంగు డోలు, ఉంగరం. వీటిలో దేనికని తత్త్వార్థం చెబుతావు? ఇవి చేతికి గుర్తుండటానికి పెట్టుకున్న ఇంటి పేర్లు. ఊరు మారితే పేరు మారిన ముడులూ ఉన్నాయి. కాబట్టి ప్రతి ముడికీ ఒక అర్థం అంటగట్టాలనే తొందర మానుకో. ఎక్కడ నిజంగా అర్థం ఉందో, అది దేనివల్ల వచ్చిందో విడదీసి చూడు.

కొన్ని అర్థాలు ముడివి కావు, ముడికి వేలాడే వస్తువువి. నోరిగేలో పైన ఒక కొక్కెపు బిళ్ళ, దాని కింద తాడు, ముడి, నడుమ ముఖ్యమైన నగ, మళ్ళీ ముడి, చివర కుచ్చు ఉంటాయి. ఆ నగ గబ్బిలమైతే శుభం, ఎందుకంటే చీనా అక్షరాల్లో గబ్బిలానికీ అదృష్టానికీ కొరియా ఉచ్చారణ ఒకటే, ‘బోక్’. వంకాయో మిరపకాయో అయితే కొడుకులు పుట్టాలని, అది రూపాన్ని బట్టి వచ్చింది. నువ్వు ఈ అర్థాలను ముడుల ఖాతాలో వేశావు. కొన్ని అర్థాలు రంగువి. మూడేసి కట్టే సమ్‌జాక్ నోరిగేలో ఎరుపు, నీలి, పసుపు కనిపిస్తాయి. తూర్పుకు నీలం, దక్షిణానికి ఎరుపు, పడమరకు తెలుపు, ఉత్తరానికి నలుపు, నడుమకు పసుపు అనే పంచవర్ణాల లెక్క దాని వెనక ఉంది. చేమంతి ముడికి దీర్ఘాయువు అర్థం ఆ పువ్వు తెచ్చిపెట్టింది.

ముడికే చెందిన అర్థం కావాలంటే దోంగ్‌సిమ్‌గ్యోల్‌ను పట్టుకో. పేరుకు అర్థం ఒకే మనసు ముడి. రెండు ఉచ్చులు తీసి ఒకదానికొకటి ఎదురుగా బిగిస్తారు. పెళ్ళికొడుకు ఇంటి నుంచి పెళ్ళికూతురింటికి పంపే కానుకల దారాన్ని ఈ ముడితోనే కడతారు. శవానికి స్నానం చేయించి బట్ట చుట్టినప్పుడు ఆ పట్టీని కట్టేదీ ఇదే ముడి. ఇక్కడ ఆగు. దీన్ని చూడగానే ‘మన బ్రహ్మముడి లాంటిదే’ అని రాయాలనిపిస్తుంది, నువ్వు రాశావు కూడా. కొట్టేయి. మన కొంగుముడిని ఎవరూ శవం దగ్గరికి తీసుకెళ్ళరు. పెళ్ళికీ చావుకీ ఒకే ముడి వేసిన వాళ్ళ మనసులో ఏముందో ఆ పోలిక కప్పేస్తుంది. ఆ రెండు సందర్భాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వదిలేయి, పాఠకుడు తానే తడుముకుంటాడు. దీని పక్కనే ఇంకొకటి చెప్పొచ్చు. కానుకల పెట్టె మీద చుట్టే బట్టకు మాత్రం వాళ్ళు ముడి వేయరు, కొసలు దగ్గరకు తెచ్చి ‘గున్‌బోంగ్’ అని రాసిన కాగితపు పట్టీతో ఆపుతారు, కాపురం చిక్కుపడకుండా సాగాలని. ఇన్ని ముడులు తెలిసినవాళ్ళు ముడి వేయకుండా ఆగిన చోటు అది.

భాష దగ్గర ఒక జాగ్రత్త. మేదుప్ అనే మాట ‘మేత్‌తా’ అనే క్రియకు చుట్టం. చెట్టు కాయ కాసినా, ఇద్దరి మధ్య బంధం కుదిరినా, ఒప్పందం చేసుకున్నా ఆ క్రియే వాడతారు. పని ముగించడాన్ని ‘ముడి వేయడం’ అంటారు. తెలుగులో ‘ముడి’ అనగానే సగంమందికి చిక్కుముడీ పీటముడీ గుర్తొస్తాయి, ముడి విప్పినవాడే మనకు తెలివైనవాడు. విప్పడమనే మాట వాళ్ళకూ ఉందిలే, కానీ బరువు వేయడం వైపు ఉంది. ‘ముడిపడటం’, ‘మూడు ముళ్ళు’ అనే మన మాటలను ముందుగా తెచ్చి పాఠకుణ్ణి ఆ వైపు తిప్పుకో, ఆ తర్వాతే చిక్కుముడి జోలికి వెళ్ళు.

చరిత్ర ఒక పేరా మించనివ్వకు. కొరియా ప్రాచీన రాజ్యం గోగుర్యొ కాలపు, 357 నాటి సమాధి అనాక్ 3లో, యజమాని కూర్చున్న తెరల పందిరికి ముడులూ కుచ్చులూ ఉన్న గోడచిత్రం ఉంది. ఆ ఒక్క బొమ్మ చాలు. పల్లకీలకు, జెండాలకు, వాద్యాలకు, పాడెలకు కుచ్చులు కట్టేవారని చెప్పు. నోరిగే ఒక్కటే చెబితే ఇది ఆడవాళ్ళ నగల పని అనిపిస్తుంది, అది నిజం కాదు. 1968లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఈ పనిని ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా, 22వ సంఖ్యతో గుర్తించినప్పుడు తొలి నిపుణుడిగా నిలిచింది జొంగ్ యొన్‌సు, మగవాడు. ఆయన తర్వాత భార్య చె ఉన్‌సున్, కూతురు జొంగ్ బోంగ్‌సొప్ ఆ స్థానానికి వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్న కిమ్ హీజిన్‌కు 1976లో ఆ గుర్తింపు దక్కింది. ఈ నాలుగు పేర్లూ నీ వ్యాసంలో లేవు. ‘అజ్ఞాత శిల్పులు’ అని రాశావు. పేర్లున్నవాళ్ళను అజ్ఞాతులను చేయకూడదు.

కొరియా మాటలను తెలుగులో రాసేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకుని చివరిదాకా అదే పాటించు. ‘మేడప్’, ‘మేదుప్’, ‘మెడియప్’ అని మూడు రకాలుగా రాశావు. మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే తెలుగు మాట చెప్పు, తర్వాత తెలుగు మాటతోనే నడిపించు.

వ్యాసం మొత్తం మళ్ళీ రాయొద్దు. సెంగ్‌చోక్ బిగించడం ఒక్కటే, 200 మాటల్లో, అర్థాలూ పోలికలూ లేకుండా రాసి పంపు. దానితోపాటు నువ్వు వేసిన ముడి ఫొటోలు రెండు పెట్టు, ఒకటి ముందువైపు, ఒకటి వెనకవైపు. వెనకది కూడా తప్పకుండా.

ఆశీస్సులతో.