ప్రోటాన్, న్యూట్రాన్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశులను బట్టీ లేకుండా ఎలా బోధించాలి?

తొమ్మిదో తరగతికి పరమాణు నిర్మాణం చెబుతున్నప్పుడు పిల్లలు మూడు కణాల ద్రవ్యరాశులను పట్టిక చూసి అప్పజెబుతున్నారే గాని వాటి భావం గ్రహించడం లేదని, ఏ క్రమంలో చెబితే మేలని మీరు అడిగారు. ఉన్నత పాఠశాలలోనూ, ఆ తరువాత జూనియర్ కళాశాలలోనూ ఈ పాఠం చాలా ఏళ్లుగా చెబుతున్న అనుభవంతో నా అభిప్రాయం రాస్తున్నాను.

కిలోగ్రాములతో మొదలుపెట్టకండి. నల్లబల్లపై ప్రోటాన్‌కు 1.67 × 10⁻²⁷ కి.గ్రా., ఎలక్ట్రాన్‌కు 9.11 × 10⁻³¹ కి.గ్రా. అని పక్కపక్కన రాస్తే చాలామంది చూపు 1.67, 9.11 మీదే నిలుస్తుంది. రుణ ఘాతాంకాలతో ఇంకా చనువు ఏర్పడని ఆ వయసులో, ఎలక్ట్రానే బరువైనదని నమ్మకంగా చెప్పే పిల్లలు నాకు ప్రతి ఏడూ కనిపించారు. అందుకే నేను ముందు నిష్పత్తి చెబుతాను. ప్రోటాన్‌ను 25 కిలోల బియ్యం సంచి అనుకుంటే, ఎలక్ట్రాన్ సుమారు 14 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచాడు బియ్యం. న్యూట్రాన్ సంచిలో ప్రోటాన్ సంచి కంటే అలాంటి చెంచాలు రెండున్నర ఎక్కువ ఉంటాయి. పరమాణువు ద్రవ్యరాశి దాదాపు అంతా కేంద్రకంలోనే ఉందన్న మాట ఇక వేరుగా చెప్పవలసిన పని ఉండదు.

నిష్పత్తి చెప్పగానే ఒక చిక్కు వస్తుంది. ఒక పుస్తకంలో 1836 అని, ఒక గైడులో 1837 అని, మరోచోట 1839 అని ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వీటిలో ఏది సరైనదని నిలదీస్తారు. మూడూ సరైనవే, కానీ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఎలక్ట్రాన్‌తో పోలిస్తే ప్రోటాన్ 1836.15 రెట్లు, హైడ్రోజన్ పరమాణువు 1837.15 రెట్లు, న్యూట్రాన్ 1838.68 రెట్లు ఉంటుంది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌తోపాటు ఒక ఎలక్ట్రాన్ ఉంది కనుక సరిగ్గా ఒకటి పెరిగింది. ఈ మూడు సంఖ్యలనూ వరసగా రాసి, న్యూట్రాన్ ద్రవ్యరాశి ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మొత్తం కంటే కూడా ఎక్కువని చూపించండి. విడిగా ఉన్న న్యూట్రాన్ సగటున సుమారు 15 నిమిషాలకు ప్రోటాన్‌గా, ఎలక్ట్రాన్‌గా, యాంటీన్యూట్రినో అనే అతి తేలికైన తటస్థ కణంగా విడిపోగలగడానికి ఆ చిన్న తేడాయే ఆస్కారమిస్తోంది. తొమ్మిదో తరగతికి ఇది సిలబస్‌లో లేదు, అయినా చెప్పండి; పిల్లలు ఆ గంటలో మరేదీ ఇంత ఆసక్తిగా వినరు.

కిలోగ్రాముల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తరువాత చెప్పవచ్చు. 1.008 గ్రాముల హైడ్రోజన్‌లో 6.022 × 10²³ పరమాణువులు ఉంటాయని చెప్పి భాగించమంటే, 1.67 × 10⁻²⁴ గ్రాములు పిల్లల చేతిలోనే తేలుతుంది. ఎలక్ట్రాన్‌ది రెండంచెల కథ. 1897లో జె. జె. థామ్సన్ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలలో కాథోడ్ కిరణాల వంపును కొలిచి ఆవేశానికి, ద్రవ్యరాశికి గల నిష్పత్తిని మాత్రమే కనుగొన్నాడు. ఆవేశాన్ని కచ్చితంగా కొలవడానికి మిల్లికాన్ నూనె చుక్కల ప్రయోగం కావలసి వచ్చింది. నేటి విలువలు 1.602 × 10⁻¹⁹ కూలుంబులను 1.759 × 10¹¹ కూలుంబులు/కి.గ్రా.తో భాగిస్తే 9.11 × 10⁻³¹ వస్తుంది. తమ చేత్తో భాగించిన సంఖ్యను పిల్లలు మరచిపోవడం అరుదు.

ఇంటర్మీడియట్‌లో నేను ఎక్కువ సమయం న్యూట్రాన్‌కే ఇస్తాను. ఆవేశం లేని కణాన్ని ఏ క్షేత్రమూ వంచదు, మరి దాని ద్రవ్యరాశి ఎలా తెలిసింది? 1932లో చాడ్విక్ ఆ కణాలు హైడ్రోజన్ కేంద్రకాలను, నైట్రోజన్ కేంద్రకాలను ఢీకొన్నప్పుడు ఆ కేంద్రకాలు ఎంత వేగంతో ఎగిరిపోతున్నాయో పోల్చాడు. హైడ్రోజన్‌కు గరిష్ఠ వేగం సెకనుకు 3.3 × 10⁷ మీటర్లు, నైట్రోజన్‌కు 4.7 × 10⁶ మీటర్లు. స్థితిస్థాపక అభిఘాతాల పాఠంలోని సూత్రం ప్రకారం ఈ వేగాల నిష్పత్తి, న్యూట్రాన్ ద్రవ్యరాశికి నైట్రోజన్ ద్రవ్యరాశి 14 కలిపిన మొత్తానికి, హైడ్రోజన్ ద్రవ్యరాశి 1 కలిపిన మొత్తానికి గల నిష్పత్తితో సమానం. సాధిస్తే సుమారు 1.16 వస్తుంది. నేటి విలువ 1.00867 కాబట్టి అంత కచ్చితం కాదు, కానీ ప్రోటాన్ అంతటి తటస్థ కణం ఒకటి ఉందని చెప్పడానికి అది చాలింది. మొదటి సంవత్సరంలో మార్కుల కోసం చదివిన ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ఇంత పని చేస్తుందని పిల్లలు ఊహించరు.

పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాన్ని చివరికి ఉంచండి. కార్బన్-12 పరమాణువులో పన్నెండో వంతును ప్రమాణంగా తీసుకున్నామని చెప్పగానే, చురుకైన పిల్లలు ఆరు ప్రోటాన్లకు 1.00728 చొప్పున, ఆరు న్యూట్రాన్లకు 1.00867 చొప్పున, ఆరు ఎలక్ట్రాన్లకు 0.00055 చొప్పున కూడి, 12 రావలసిన చోట 12.099 వచ్చిందని చూపిస్తారు. దయచేసి దాన్ని ఉజ్జాయింపు లెక్కల తేడా అని తోసిపుచ్చకండి. ఆ 0.099 కేంద్రకం ఏర్పడినప్పుడు వెలువడిన శక్తికి, అంటే సుమారు 92 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులకు సమానం. తొమ్మిదో తరగతిలో ఈ ఒక్క వాక్యం చాలు; ద్రవ్యరాశి లోపం, బంధన శక్తి అన్న పేర్లు ఇంటర్‌లో ఎదురైనప్పుడు వారికి ఆ కూడిక గుర్తుంటుంది.